ఫూంక్ రెండో భాగం చూడొచ్చా?

పోయిన చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం మా పై అంతస్తు అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. పై అంతస్తు అన్నది పాత మాట లెండి. వాళ్లు ఇందిరాపురం వదిలేసి గుర్‌గావ్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అయినా మా ఇంట్లో ఆ పిల్ల పేరు ఇప్పటికీ "పై అంతస్తు అమ్మాయే". వైశాలి దాకా మెట్రోలో వచ్చి, అక్కణ్నుంచి ఆటో పట్టుకుని, రెండు మూడు నెలలకోసారి మమ్మల్ని చూసి పోతుంది. వచ్చీ రాగానే చెప్పులు విప్పుతూనే అడిగింది.

"బాబాయ్, నెత్తురు సినిమాలన్నీ వరసపెట్టి చూసేస్తున్నాను. 'సా' పదీ అయిపోయాయి. 'ఫైనల్ డెస్టినేషన్' ఆరూ అయిపోయాయి. ఇక మనవాళ్లవి మొదలుపెడదామని. 'ఫూంక్' మొదటిది చూడకుండా రెండోది చూస్తే అర్థమవుతుందా? అసలు రెండో భాగాలు చూడ్డం దండగేనా?"

మామూలు ప్రశ్నే. వేరే ఎవరు అడిగినా రెండు జోకులేసి వదిలేసేవాణ్ని. అడిగింది ఆ పిల్ల కాబట్టి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి వెళ్లి ఐదు నిమిషాల పనికి పావుగంట చేశాను.

ముందు ప్రశ్నకి జవాబు చెప్పి, ఆ తర్వాత వెలక్కాయ సంగతికొస్తాను.

రెండో భాగం ఎందుకు తీస్తారంటే మొదటిది ఆడింది కాబట్టి. మొదటిది తీసేదీ డబ్బుకే కనక అందులో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, మంచి దెయ్యం సినిమా మొదటి భాగం ఒక ప్రశ్న మీద నిలబడుతుంది. 2004లో వచ్చిన 'సా' సంగతే తీసుకోండి. పాడుబడ్డ బాత్‌రూమ్‌లో ఇద్దరు మనుషులు, కాళ్లకి గొలుసులు, చేతుల్లో రంపాలు. ఆ రంపాలకి గొలుసు తెగదు, కాలు తెగుతుంది. కోసుకుంటాడా లేదా అన్నదే సినిమా. దాని పేరు విని భయపడేవాళ్లు అనుకున్నంత నెత్తురు అందులో లేదు కూడా. పద్దెనిమిది రోజుల్లో షూటింగ్ ముగించారు. తర్వాత 2010 దాకా ఏటా ఒకటి చొప్పున దింపారు. మనిషి ఏం చేస్తాడో మనకి మొదటిదాంట్లోనే తెలిసిపోయింది కనక, మిగతావాటిలో చూడ్డానికి మిగిలినవి యంత్రాలే. ఒకదాన్ని మించి ఇంకొకటి. ఎవడో బాగా చదువుకున్న కమ్మరి తీరిగ్గా కూర్చుని చేసినట్టుంటాయి.

అయితే వాటిలో ఆరోది మాత్రం చూడమనే చెప్తాను. 2009లో వచ్చింది. అందులో చిక్కుకున్నవాడు ఆరోగ్య బీమా కంపెనీ పెద్దమనిషి. ఎవరి వైద్యానికి డబ్బివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది ఒక లెక్క ప్రకారం తేల్చేస్తుంటాడు. ఆ లెక్కనే తన కళ్లెదురుగా, బతికున్న మనుషుల మీద వేయాల్సి వస్తుంది. ఆరో భాగంలోనైనా కొత్త ప్రశ్న పుడితే సినిమా లేచి కూర్చుంటుందని దాంతో తెలిసింది. 'ఫైనల్ డెస్టినేషన్' వాళ్లయితే ప్రశ్నల జోలికే పోలేదు. చావుకి ఒక వరస ఉంది, తప్పించుకున్నవాళ్లని ఆ వరసలోనే వెతుక్కుంటూ వస్తుంది, అంతే. 2000 నుంచి 2025 దాకా అదే కథ ఆరుసార్లు. హేతువాదిగా నాకు అది పచ్చి అబద్ధం. కానీ రెండో భాగంలో దుంగల లారీ దృశ్యం చూశాక, పాత ఎన్‌హెచ్ 24 మీద ఇనుప చువ్వల లారీ వెనక బండి నడుపుతున్నప్పుడు నేను దూరం పాటించడం మొదలుపెట్టాను. ఆ మాత్రం ప్రయోజనం ఏ నీతికథ వల్లా నాకు కలగలేదు.

ఇక ఫూంక్.

రామ్ గోపాల్ వర్మకి దెయ్యాల పిచ్చి కొత్తది కాదని మనకి తెలుసు. 1992లో 'రాత్రి', 1996లో 'దెయ్యం', ఆపైన హిందీలో 2003లో 'భూత్'. 'భూత్' పాటల్లేని సినిమా, ముంబైలో ఒక ఫ్లాటు, ఒక జంట. అది చూసి నేను వారం పాటు లిఫ్టు ఎక్కలేదు. (హేతువాదికి భయం ఉండకూడదని ఎక్కడా రాసిలేదు.) 2008 ఆగస్టు 22న 'ఫూంక్' వచ్చింది. ఒక్కడే హాల్లో కూర్చుని చివరిదాకా చూడగలిగినవాడికి 5 లక్షలిస్తానని వర్మ ప్రకటించాడు. అదే ఏడాది జగపతి బాబుతో 'రక్ష' అని తెలుగులోనూ తీశారు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాజీవ్ కట్టడాల ఇంజనీరు, దేవుణ్ని నమ్మడు. ఆ వేషం వేసింది తర్వాత మన 'ఈగ'లో విలనైన సుదీప్. పని జరిగేచోట వినాయకుడి రూపంలో ఒక రాయి దొరుకుతుంది, గుడి కడదామంటారు కూలీలు, ఇతను ఒప్పుకోడు. మోసం చేశారని ఒక జంటని పనిలోంచి తీసేస్తాడు. వాళ్లు చేతబడి చేయిస్తారు. ఇతని చిన్నకూతురు వింతగా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. డాక్టర్లు వస్తారు, పరీక్షలు చేస్తారు, పెద్దపెద్ద పేర్లు చెప్తారు, ఏమీ చేయలేరు. చివరికి మిత్రుడి మాట విని మంజా అనే మంత్రగాడి దగ్గరికి వెళ్తాడు. మంజా చేతబడిని తిప్పికొడతాడు. పాప బాగవుతుంది, నాస్తికుడు దారిలో పడతాడు.

ఆ ఏడాది మార్చిలో ఢిల్లీలో ఏం జరిగిందో చెప్పకపోతే నా అప్పటి మనఃస్థితి మీకు అర్థం కాదు. 2008 మార్చి 3న ఇండియా టీవీలో ఒక చర్చ. తన మీద తాంత్రిక ప్రయోగాలు జరుగుతున్నాయని ఉమాభారతి అనడంతో మొదలైన చర్చ అది. పండిత్ సురీందర్ శర్మ అనే తాంత్రికుడు మంత్రంతో మూడు నిమిషాల్లో మనిషిని చంపగలనన్నాడు. ఎదురుగా కూర్చున్న హేతువాది సనల్ ఎడమరుకు, అయితే నన్ను చంపు అన్నాడు. ఇక చూడండి. మంత్రాలు చదివాడు, నీళ్లు చల్లాడు, నుదురు నొక్కాడు. మూడు నిమిషాలు గంటలయ్యాయి. మిగతా కార్యక్రమాలు ఆపేసి అదే చూపించారు. సనల్ నవ్వుతూ కూర్చున్నాడు. నువ్వు కొలిచే దేవుడెవరో చాలా శక్తిమంతుడు, నిన్ను కాపాడుతున్నాడు అన్నాడట తాంత్రికుడు. నేను నాస్తికుణ్ని బాబూ అన్నాడు సనల్.

అక్కడితో ముగియాలా? లేదు. అసలు ప్రయోగం రాత్రిపూట చేయాలి అన్నాడు పండితుడు. అంటే రెండో భాగం! రాత్రి ఆరుబయట హోమగుండం, మంటలు, పొగ. పగలు ఉత్త మంత్రంతో కానిదాన్ని రాత్రి సరంజామా పెంచి సాధిస్తానన్నాడు. అచ్చం మన సినిమావాళ్ల లెక్కే. సనల్ అప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ రాత్రి టీవీ ముందు నేను ఈలలేశాను.

ఆ ఊపులో ఉన్నవాణ్ని కదా, ఆగస్టులో 'ఫూంక్' చూసి నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. నెలకోసారి కలిసే మా హేతువాద మిత్రుల్లో ఒకాయన, డాక్టర్లు చేతులెత్తేస్తే మంత్రగాడు బాగు చేశాడని చూపిస్తున్నారు, సెన్సార్ వాళ్లకి ఉత్తరం రాద్దాం అన్నాడు. నేనే అడ్డుపడ్డాను. జనం అంత వెర్రివాళ్లు కాదు, సినిమా చూసి ఎవడూ మంత్రగాడి దగ్గరికి పరుగెత్తడు, మనం నిషేధాలు కోరితే మనకీ మతపిచ్చి వాళ్లకీ తేడా ఏముంది అన్నాను. నిషేధం విషయంలో ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కానీ ఆ మొదటి సగం అన్న తీరు తలుచుకుంటే మాత్రం చెవులు కాలుతాయి. ఎందుకంటే ఆ దీపావళికి ఫూంక్ డీవీడీ కొని పై అంతస్తు వాళ్లకి చూడమని ఇచ్చింది నేనే. చూసి నవ్వుకుంటారని.

ఆ పిల్లకప్పుడు తొమ్మిదేళ్లు. డిసెంబరులో మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. చూపు ఒకచోట నిలిచిపోయేది. పెదాలు చప్పరించేది, గౌను అంచు పట్టుకుని పీకేది. పిలిస్తే పలకదు. నిమిషమో, నిమిషంన్నరో. తర్వాత ఏమీ గుర్తుండదు. ఒక్కోసారి దానికి ముందు ఏదో కుళ్లు వాసన వస్తోందనేది, ఇంట్లో ఎవరికీ రాని వాసన. ఊరి నుంచి వచ్చి ఉన్న నానమ్మ "గాలి సోకిందిరా" అంది. పాప తండ్రి నా ఆఫీసు మిత్రుడే, బి.ఎస్సీ. చదివినవాడు. గాలి, ధూళి అంటే వాళ్లమ్మ మీద విసుక్కునేవాడు. మొదట ఒక డాక్టరుకి చూపించారు కూడా. పిల్ల పరధ్యానం, బడిలో ఒత్తిడి, పెద్దయితే పోతుంది అన్నాడాయన. పోలేదు.

ఇదంతా నాకు అప్పట్లో తెలియదు. మెట్ల మీద రోజూ కనిపించేవాళ్లే, కానీ చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు పాప అరచేతిలో కాలిన మచ్చ చూశాను. రూపాయి బిళ్ల అంత. ఏమిటమ్మా ఇది అంటే, కర్పూరం అంది. తండ్రిని పట్టుకుని కూర్చోబెడితే అప్పుడు కక్కాడు. ఢిల్లీ పొలిమేరలో ఒక పల్లెలో ఎవరో ఉన్నాడట. బస్సు సీటు వెనక అంటించిన కాగితం మీద నంబరు చూశారట. మూడుసార్లు వెళ్లారు, పదకొండు వేలు ఇచ్చారు. మిరపకాయల పొగ పెట్టాడు, చేతిలో కర్పూరం వెలిగించాడు.

"నువ్వా?" అన్నాను. అంతకంటే మాట రాలేదు.

"ఏం చెయ్యమంటావన్నా. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఆ సినిమాలోనూ అంతే కదా. డాక్టర్లకి అంతు చిక్కలేదు. అతను కూడా మనలాగే నమ్మనివాడే. పిల్ల కోసం వెళ్లాడు. వెళ్లకపోతే పోయేది కదా అనిపించింది." కాసేపాగి అన్నాడు: "నీకు చెప్తే నవ్వుతావని చెప్పలేదు."

ఆ ముక్క నాకు కర్పూరం కంటే గట్టిగా తగిలింది.

సినిమా వాళ్లని నమ్మించిందని నేననను. నమ్మకం నానమ్మతో పాటు ఊరి నుంచి వచ్చింది, నానమ్మకి ఆవిడ నానమ్మ ఇచ్చింది. సినిమా ఇచ్చింది వేరే. నమ్మనివాడు కూడా వెళ్లొచ్చు, వెళ్తే తప్పు లేదు, వెళ్లకపోవడమే తండ్రిగా పొగరు అనే వాదన ఇచ్చింది. మూఢనమ్మకానికి ఎప్పుడూ కొరవగా ఉండేది ఒక చదువుకున్న సాక్షి. ఫూంక్‌లో రాజీవ్ ఆ సాక్షి. అతని పక్కన నేను, మెట్ల మీద నవ్వుతూ.

తర్వాతి కథ సినిమాకి పనికిరానంత చప్పగా ఉంటుంది. ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో తెల్లవారుజామున వరసలో నిలబడ్డాం. లోపల డాక్టరమ్మ అంతా విని, ఈసారి అలా అయినప్పుడు ఫోన్లో తీసి పట్టుకురండి అంది. అప్పటి ఫోన్ల సంగతి తెలుసుగా, మసకమసకగా ఇరవై సెకన్ల ముక్క వచ్చింది. తల్లి తీసింది, చెయ్యి వణుకుతూ. డాక్టరమ్మ రెండుసార్లు చూసి, ఇది మూర్ఛలో ఒక రకం అంది. మూర్ఛ అంటే కింద పడి కొట్టుకోవడమొక్కటే అనుకుంటాం, మెదడులో ఒక మూల మాత్రమే రేగితే ఇలాగే ఉంటుంది, ఆ లేని వాసన కూడా అందులో భాగమే అని వివరించింది. ఈఈజీ తీశారు. మాత్రలు రాశారు. కొన్ని వారాల్లో తగ్గుముఖం పట్టింది, కొన్నేళ్లకి మాత్రలు కూడా మెల్లమెల్లగా ఆపేశారు. ఇది అద్భుతమేమీ కాదు. సరైన మందు పడితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. అన్నట్టు, మంత్రతంత్రాలతో మూర్ఛ బాగుచేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం చివర జబ్బుల జాబితాలో మూర్ఛ ఉంది. బస్సు సీటు వెనక అంటించిన కాగితాన్ని ఎవడూ కేసుగా చూడడు, అది వేరే విషయం.

ఫూంక్ 2 వచ్చింది 2010 ఏప్రిల్ 16న. దర్శకుడు వర్మ కాదు, మొదటిదానికి కథ రాసిన మిలింద్ గడాగ్కర్. కోపంతోనే వెళ్లాను. ఈసారి ఏ డాక్టర్ని అవమానిస్తారో రాసుకుందామని జేబులో చీటీ కూడా పెట్టుకున్నాను. ఏమీ రాసుకోలేదు.

ఎందుకంటే రెండో భాగానికి ఇక ఒప్పించాల్సినవాడు లేడు. రాజీవ్ మారిపోయాడు, చేతబడి ఉందని తేలిపోయింది, ప్రశ్న పోయింది. కొత్త ఇల్లు, పిల్లలకి దొరికిన బొమ్మ, చచ్చిన మధు పగ, తల్లికి పూనకం, ఇక నరుకుడే నరుకుడు. మొదటిదాంట్లో కాకిని చూపించి భయపెట్టినవాళ్లు ఇక్కడ నెత్తురు బకెట్లతో పోశారు. మొదటి భాగంలో ఆపద్బాంధవుడైన మంజా కూడా ఈసారి అక్కరకు రాడు. సినిమాగా చెత్త. నా వెనక సీట్లో కుర్రాళ్లు ప్రతి చావుకీ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం గుండె తేలికైంది. ఈ సినిమా చూసి ఏ తండ్రీ పిల్లని ఏ పల్లెకీ తీసుకెళ్లడు. ఇందులో వైద్యుడూ పనికిరాడు, మంత్రగాడూ పనికిరాడు. ఎవరి తరఫునా వాదించదు. ఉత్త బూచి.

అలా నా లెక్క తలకిందులైంది. నెత్తురు లేని, పద్ధతైన, డాక్టర్లతో మర్యాదగా మాట్లాడించే మొదటి భాగం నాకు భయం. నెత్తురోడే రెండో భాగం పాప్‌కార్న్. పిల్లలు చెడిపోతారని మనం సాధారణంగా వణికేది నరుకుళ్లు చూసి. నరుకుళ్లని జనం నమ్మరు, చొక్కా మీద ఎర్ర రంగు అని పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. నమ్మేది, ఇంటికి తీసుకెళ్లేది, పద్ధతిగా చెప్పినదాన్నే. సినిమాగా ఏది గొప్పదని అడిగితే నిస్సందేహంగా మొదటిదే, అదే నా బాధ.

టీ కప్పులు పట్టుకుని హాల్లోకొచ్చి, "రెండోదే చూద్దాం. మొదటిది అక్కర్లేదు, కథ నేను చెప్తాలే" అన్నాను.

"మొదటిది అమ్మ కూడా వద్దంటుంది. డీవీడీ బీరువాలో చీరల కింద దాచింది, పారెయ్యదు, చూడనివ్వదు" అంది. తర్వాత నా మొహం చూసి, "నాకు తెలుసు బాబాయ్. నాన్న చెప్పాడు. డీవీడీ మీదేనని కూడా చెప్పాడు" అంది.

నేను టీ తాగాను.

సినిమా మొదలైంది. పావుగంటలోనే తను నవ్వడం మొదలుపెట్టింది. బొమ్మ కనిపిస్తే ఇప్పుడు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది చూడండి అంటుంది, తెరుచుకుంటుంది. నేనూ నవ్వాను. తల్లి ఒంట్లోకి దెయ్యం ప్రవేశించి కళ్లు తేలేసే చోటికి వచ్చాక నవ్వాపి, బొమ్మ నిలిపేసింది. అరచెయ్యి చూసుకుంటోందేమో అని నేను అటు చూడలేదు.

"నాకూ ఇలాగే ఉండేదా?"

"లేదమ్మా. నువ్వు పెదాలు చప్పరించేదానివి, అంతే. గౌను పీకేదానివి."

"మీరు చూశారా?"

"ఒక్కసారి. మీ అమ్మ తీసిన ఫోన్ వీడియోలో."

"అది ఎక్కడుందిప్పుడు?"

"ఆ ఫోను ఎప్పుడో పోయింది."

"అయ్యో, అది చూడాల్సింది" అంది. అని, మళ్లీ ప్లే నొక్కింది.